పువ్వులు రాలిపోయాక ఆర్కిడ్‌ని ఏం చెయ్యాలి?

ప్రతి ఏడూ ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే మన కాలేజీలో వర్క్‌షాపులు, గెస్ట్ లెక్చర్లు, ఫేర్‌వెల్ పార్టీలు వరసపెట్టి జరుగుతాయి. ఒకప్పుడు వచ్చిన అతిథికి శాలువా కప్పి బొకే ఇచ్చేవాళ్లట. ఇప్పుడు "మొక్క ఇస్తే బాగుంటుంది" అని ఆర్కిడ్ కుండీ ఇస్తున్నారు. మంచి ఆలోచనే. అతిథులు కొందరు కుండీని ఇక్కడే వదిలేసి వెళ్లిపోతారు. అది రెండు నెలలపాటు ఏదో ఒక టేబుల్ మీద అందంగా కూర్చుంటుంది. తర్వాత పువ్వులు ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరికి ఒక పొడుగాటి పుల్ల, కింద నాలుగు ఆకులు మిగులుతాయి. "చచ్చిపోయింది" అని కుండీతో సహా చెత్తబుట్ట పక్కన పెట్టేస్తారు.

పోయిన ఏడాది అలాంటివి మూడు కుండీలు మా హాస్టల్ వెనక చూశాను. మూడూ బతికే ఉన్నాయి.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నేను బోటనీ చదవలేదు, ఇంటర్‌లో ఎంపీసీ, ఇక్కడ ఈఈఈ. కానీ ఒక ఆర్కిడ్‌ని దాదాపు చంపేసి, మళ్లీ బతికించుకున్న అనుభవం ఉంది. అందులో నేర్చుకున్నది వరసగా చెబుతాను.

మా ఇంటి మొక్క కథ

రెండేళ్ల కిందట మా అక్క బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. మొదటి జీతంతో అమ్మకి చీర కొంటుందనుకున్నాం. తీరా చూస్తే ఫిబ్రవరిలో అమ్మ పుట్టినరోజుకి ఒక ఆర్కిడ్ కుండీ మోసుకుని రాజమండ్రి వచ్చింది. తెల్లటి పువ్వులు, మధ్యలో గులాబీ రంగు. అమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఏప్రిల్ ఆఖరుకి పువ్వులన్నీ రాలిపోయాయి.

"ఏమే, ఆ పుల్లకి ఇంకా నీళ్లెందుకే? అయిపోయింది కదా, పారేద్దాం" అంది అమ్మ. కడియం నర్సరీలు పక్కనే పెట్టుకుని, ఇంటి చుట్టూ నందివర్ధనం, మందారం పెంచే మనిషి. ఆవిడకి మొక్కలు తెలియక కాదు. ఈ మొక్క తెలియదు.

అక్క మొదటి జీతం మొక్క పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. సెలవులయ్యాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చేశాను. అక్క వీడియో కాల్ చేసినప్పుడల్లా "అమ్మా, నా మొక్క ఎలా ఉంది?" అనేది. "చెల్లి దగ్గరుంది, బాగానే ఉంది" అనేది అమ్మ. అది అబద్ధం. ఆగస్టు వచ్చేసరికి దానికి రెండే రెండు ఆకులు మిగిలాయి. అది నా చేతి చలవే.

అసలు ఇది ఎలాంటి మొక్క?

మనకి కుండీల్లో అమ్మే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం ఫలెనాప్సిస్ అనే జాతివి. 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు అది. గ్రీకులో దాని అర్థం "దీపపు పురుగులా కనిపించేది" అని. రెక్కలు విప్పిన పురుగుల్లా పువ్వులు కాడ మీద వరసగా వాలి ఉంటాయి కదా, అందుకు. వీటి సొంత ఊళ్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, తైవాన్ లాంటి చోట్ల ఉండే వెచ్చటి, తేమగల అడవులు.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అక్కడ ఇవి మట్టిలో పెరగవు. చెట్ల కొమ్మల మీద కూర్చుంటాయి. అలాగని మామిడి చెట్టు మీద మనం చూసే బదనిక లాంటివి కావు. బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్ చెట్టుని ఏమీ అడగదు, కూర్చోడానికి చోటు తప్ప. బెరడుకి వేళ్లతో అతుక్కుని, మీద పడిన వాన నీళ్లు, గాలిలో తేమ, పోగుపడిన ఆకుల చెత్తలోంచి వచ్చే కాస్త సారం తీసుకుని బతికేస్తుంది. మన తూర్పు కనుమల్లోనూ ఇలా చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లు ఉన్నాయి, వాండా జాతివి. ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు కనబడితే ఫొటో తీసుకోండి, పీక్కురాకండి. అడవి ఆర్కిడ్ల వ్యాపారం మీద అంతర్జాతీయంగానే ఆంక్షలున్నాయి.

చెట్టు మీద బతుకు కాబట్టి దాని వేరు మనం చూసే వేళ్లలా ఉండదు. పెన్సిలంత లావుగా, పైన తెల్లటి మెత్తటి పొరతో ఉంటుంది. ఆ పొరని వెలామెన్ అంటారు. అందులో ఉన్నవి చనిపోయిన ఖాళీ కణాలు. వాన పడగానే బ్లాటింగ్ పేపర్‌లా నీళ్లు పీల్చేసుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ ఖాళీల్లో గాలి ఉంటుంది, అందుకే వేరు వెండి రంగులో కనిపిస్తుంది. తడవగానే పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. అంటే మొక్కకి దాహం వేసిందో లేదో చెప్పే ఇండికేటర్ దాని వేరులోనే ఉంది. వెండి రంగైతే నీళ్లు కావాలి, ఆకుపచ్చ అయితే అక్కర్లేదు. ఇంతకన్నా చవకైన సెన్సార్ నేనింతవరకు చూడలేదు.

ఇది అర్థమైతే మిగతా పాఠం అంతా సగం వచ్చేసినట్టే.

పువ్వులు ఎందుకు రాలాయి?

ఫలెనాప్సిస్ పువ్వు రెండు, మూడు నెలలు నిలబడుతుంది. ఆ తర్వాత కింది పువ్వుతో మొదలై పైదాకా వరసగా వాడితే అది వయసు. కంగారు పడక్కర్లేదు.

అలా కాకుండా పువ్వులు, మొగ్గలు కలిపి నాలుగైదు రోజుల్లోనే ముడుచుకుపోయి రాలితే వేరే కారణం ఉంటుంది. ఏసీ గాలి నేరుగా తగలడం, నీళ్లు మరీ తక్కువో మరీ ఎక్కువో కావడం, లేదా పక్కన పండ్లు ఉండటం. పండే అరటిపండు, మామిడిపండు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. ఆ వాయువే ఆర్కిడ్ పువ్వుకి "నీ పని అయిపోయింది" అని చెప్పే సంకేతం. డైనింగ్ టేబుల్ మీద పండ్ల బుట్ట పక్కన ఆర్కిడ్ పెట్టడం ఫొటోల్లో బాగుంటుంది, మొక్కకి మాత్రం మంచిది కాదు.

కాడ కొయ్యాలా, వద్దా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు కాడని బట్టి కాదు, మొక్కని బట్టి చెప్పాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

పువ్వులు రాలిన కాడని దగ్గరగా చూడండి. చెరుకు గడకి ఉన్నట్టు దానికి కణుపులు ఉంటాయి. ఒక్కో కణుపు మీద చిన్న పొర, ఆ పొర కింద నిద్రపోతున్న మొగ్గ. కాబట్టి మనకి రెండు దార్లు.

మొదటి దారి: కాడ ఇంకా పచ్చగా ఉంటే, కింద నుంచి రెండో కణుపో మూడో కణుపో లెక్కపెట్టి, దానికి ఒక సెంటీమీటరు పైన కొయ్యడం. అదృష్టం బాగుంటే రెండు, మూడు నెలల్లో ఆ కణుపు నుంచి పక్క కొమ్మ వచ్చి మళ్లీ పూస్తుంది. ఆ పువ్వులు మొదటి విడత కన్నా తక్కువగా, చిన్నగా ఉంటాయి. ఒక్కోసారి కణుపు నుంచి పువ్వుల బదులు ఏకంగా చిన్న మొక్కే పుడుతుంది. దాన్ని పెంపకందార్లు కైకీ అంటారు. హవాయి భాషలో "పాప" అని అర్థం. మన మాటలో పిలక. దానికి రెండు, మూడు అంగుళాల వేళ్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు వేరు చేసి ఇంకో కుండీలో పెట్టుకోవచ్చు.

రెండో దారి: కాడని మొదలు దగ్గర, రెండు సెంటీమీటర్లు వదిలి పూర్తిగా కోసెయ్యడం. అప్పుడు మొక్క కాడ మీద ఖర్చు పెట్టే శక్తిని ఆకులకి, వేళ్లకి మళ్లించుకుంటుంది. వచ్చే సీజన్‌లో కొత్త కాడ వేస్తుంది.

ఆకులు నాలుగైదు ఉండి, గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటే మొదటి దారి ప్రయత్నించండి. ఆకులు మెత్తబడి వేలాడుతున్నా, మూడు కన్నా తక్కువ ఉన్నా, వేళ్లు పాడైనా ఆలోచించకుండా రెండో దారి పట్టండి. కాడ దానంతటదే గోధుమ రంగుకి తిరిగి ఎండిపోతే ఇక చర్చే లేదు, మొదలంటా కోసెయ్యండి. ఏది చేసినా కత్తెరని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచో, మంట మీద కాల్చి చల్లార్చో వాడాలి. ఒక మొక్క రోగం ఇంకో మొక్కకి కత్తెర ద్వారా ఎక్కొచ్చు.

నేనేం చేశానంటే, ఆకులు వాలిపోయి ఉన్నా సరే, అక్కకి త్వరగా పువ్వుల ఫొటో పంపాలన్న ఆశతో మొదటి దారి పట్టాను. నిజంగానే జులైలో పక్క కొమ్మ వచ్చింది. రెండు మొగ్గలు కూడా కనిపించాయి. గంతులేశాను. పది రోజులకి రెండూ పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. కింద ఒక ఆకు కూడా వాటితోపాటే పోయింది. ఉన్న కాస్త ఓపికా కాడకి పెట్టేసి మొక్క ఇంకా నీరసించింది. పైన మొగ్గలు చూసి మురిసిపోయానే గాని, కింద ఏం జరుగుతోందో చూడలేదు.

వేళ్లు చూడండి

వర్షాకాలం. నేను "పాపం, ఎండిపోతుందేమో" అని రోజూ ఒక గ్లాసు నీళ్లు పోసేదాన్ని. కుండీ బయట అందంగా ఉన్న సిరామిక్ తొట్టి. దానికి అడుగున చిల్లు లేదు. రెండో ఆకు పసుపు రంగుకి తిరిగాక గానీ కుండీ పైకెత్తి చూడలేదు. లోపల ప్లాస్టిక్ కుండీ రెండంగుళాల నీళ్లలో నిలబడి ఉంది. బయటికి లాగితే వాసన వచ్చింది.

చెట్టు కొమ్మ మీద గాలి పీల్చుకునే వేరుని నేను నెలరోజులు నీళ్లలో ముంచి ఉంచానన్నమాట. ఆర్కిడ్లు నీళ్లు లేక చచ్చిపోవడం తక్కువ, నీళ్లు ఎక్కువై చావడమే ఎక్కువ. తమాషా ఏమిటంటే రెండింటికీ లక్షణం ఒకటే. వేళ్లు కుళ్లిపోతే నీళ్లు పైకి ఎక్కవు, ఆకులు వడలిపోతాయి. వడలిన ఆకు చూసి మనం ఇంకాస్త నీళ్లు పోస్తాం. అందుకే ఆకుని చూసి నిర్ణయించొద్దు, వేరుని చూడండి.

పువ్వులు రాలిపోయిన కాలమే కుండీ మార్చడానికి సరైన సమయం. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఎలాగూ మార్చాలి, ఎందుకంటే లోపలి బెరడు ముక్కలు కుళ్లి పొడిపొడిగా అయి గాలి ఆడకుండా చేస్తాయి. ఎలాగంటే:

ఒకటి, మొక్కని మెల్లగా బయటికి తీసి పాత బెరడు, నాచు మొత్తం దులిపెయ్యండి. షాపులో కొన్న మొక్కల మొదట్లో తరచు గట్టిగా కుక్కిన నాచు ముద్ద ఉంటుంది. నర్సరీలో లేతమొక్కగా ఉన్నప్పుడు పెట్టింది అది. పైన అంతా ఆరినా అది లోపల తడిగానే ఉండి కుళ్లుకి మూలమవుతుంది. దాన్ని తప్పకుండా తియ్యాలి.

రెండు, ఒక్కో వేరునీ వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిది, రంగు ఏదైనా సరే. మెత్తగా నలిగి, పై పొర ఊడి లోపల దారం మాత్రం మిగిలితే అది పోయినట్టే. కోసెయ్యండి. నా మొక్కకి పదకొండు వేళ్లలో మూడే గట్టిగా ఉన్నాయి.

మూడు, కోసిన చోట్లు ఆరడానికి కొన్ని గంటలు నీడలో వదిలెయ్యండి.

నాలుగు, చిల్లులున్న కుండీ తీసుకోండి. పారదర్శకమైన ప్లాస్టిక్‌దైతే వేళ్లు కనిపిస్తాయి. నేను పెద్ద సైజు డిస్పోజబుల్ గ్లాసుకి కాల్చిన సూదితో చుట్టూ చిల్లులు పెట్టాను. కుండీ పెద్దదైతే మంచిదనుకోకండి. వేళ్లు పట్టేంత ఉంటే చాలు, ఎక్కువైతే తడి ఆరదు.

ఐదు, మట్టి వద్దు. ఎర్రమట్టి, కోకోపీట్ పొడి, వర్మీకంపోస్ట్ ఏదీ వద్దు. పైన్ బెరడు ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లేదంటే కట్టెబొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వాడొచ్చు. అన్నీ అంగుళం లోపు సైజు. కొబ్బరి డొక్కని రెండు, మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, అందులో ఉప్పు ఉంటుంది. నాకు డొక్కలు అమ్మ పార్శిల్ చేసింది. "హైదరాబాద్‌లో డొక్క కూడా దొరకదా?" అని అడిగింది గాని, పంపింది.

నీళ్లు, వెలుతురు, ఎరువు

నీళ్లకి క్యాలెండర్ పెట్టుకోవద్దు. వేళ్లు వెండి రంగుకి తిరిగాక పొయ్యండి. మామూలుగా అది వారానికోసారి వస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో మూడు, నాలుగు రోజులకే రావచ్చు. వానాకాలంలో పది రోజులు పట్టొచ్చు. పోసినప్పుడు చుక్కలు చుక్కలుగా కాకుండా, కుండీని పంపు కింద పెట్టి వేళ్లన్నీ పచ్చబడేలా తడిపి, మొత్తం కారిపోనివ్వండి. పొద్దున పూట పొయ్యడం మంచిది. ఆకుల మధ్య మొవ్వులో నీళ్లు నిలిస్తే దూదితో అద్దెయ్యండి. ఈ మొక్కకి పెరిగే కొస ఆ ఒక్కటే. మొవ్వు కుళ్లిందంటే పైకి కొత్త ఆకు వచ్చే దారి మూసుకుపోయినట్టే. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి వాన నీళ్లో, తాగే ఫిల్టర్ నీళ్లో వాడితే మేలు.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం చెప్పాలి. చాలా మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఫలెనాప్సిస్ రాత్రి తెరుస్తుంది. పగలు తెరిస్తే కొమ్మ మీద దొరికిన కాసిని నీళ్లూ ఆవిరైపోతాయి కదా. అందుకని రాత్రి తీసుకున్న దాన్ని ఆమ్లంగా దాచుకుని, పగలు తలుపులు మూసుకుని వెలుతురుతో వండుకుంటుంది. ఇంత పొదుపైన మొక్కకి రోజూ గ్లాసు నీళ్లు పోశాను నేను.

వెలుతురు విషయంలో తూర్పు కిటికీ అన్నిటికన్నా మంచిది. పొద్దుటి నీరెండ పడొచ్చు, మధ్యాహ్నపు ఎండ పడితే ఆకు కాలిపోతుంది. కొలత కావాలంటే, మధ్యాహ్నం మొక్కకి పైన ఒక అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి. నీడ అంచులు మసకగా కనిపిస్తే సరిపోయినట్టు. నీడ అసలు పడకపోతే చీకటి ఎక్కువ. కత్తితో కోసినట్టు పడితే ఎండ ఎక్కువ. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉన్నవాళ్లు పదివేల లక్స్ దరిదాపుల్లో చూసుకోండి. ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే "ఆహా, ఆరోగ్యం" అనుకుంటాం గాని, అది వెలుతురు చాలట్లేదన్న గుర్తు. కాస్త లేత ఆకుపచ్చే సరైన రంగు.

ఎరువుకి 19:19:19 అని దొరికే నీళ్లలో కరిగే పొడి చాలు. లీటరుకి అర గ్రాము, అంటే చిటికెడు. రెండు వారాలకోసారి, ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపాకే పొయ్యాలి. నెలకోసారి ఉత్తి నీళ్లతో బాగా కడిగెయ్యాలి, లేకపోతే లవణాలు పేరుకుని వేరు కొసలు మాడిపోతాయి. జబ్బుగా ఉన్న మొక్కకి కొత్త వేరు కనిపించేదాకా ఎరువే వద్దు. అలాగే ఆకు మొదట్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యండి, వారం తర్వాత మళ్లీ చూడండి.

ఏమీ జరగని ఏడాది

ఇంతా చేశాక ఏమైందంటే, ఏమీ అవ్వలేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. రెండు ఆకులు, మూడు వేళ్లు. నాకు అప్పటికి రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. మా రూమ్మేట్ "పూయని మొక్కకి నువ్వు, పాసవ్వని నీకు అది, బాగా కుదిరారే" అనేది. నవ్వేదాన్ని గాని లోపల గుచ్చుకునేది. అక్క కూడా మొక్క గురించి అడగడం మానేసింది. మర్యాద కోసమే మానేసిందని నాకు తెలుసు.

డిసెంబరులో ఒకరోజు గ్లాసు పక్కనుంచి చూస్తే బెరడు ముక్కల మధ్య ఆకుపచ్చటి చిన్న మొన కనిపించింది. వేరు. బియ్యపు గింజంత. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "పువ్వు వచ్చిందా?" అంది. "కాదమ్మా, వేరు వచ్చింది." "వేరొస్తే ఫోన్ చేస్తారటే ఎవరైనా?" అని నవ్వింది. కాసేపాగి, "వేరు పట్టిందంటే బతికినట్టే" అంది. మొక్కలు పెంచే మనిషి కదా.

ఈ మొక్క నిదానం గురించి ఒక మాట. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది. ఒక్క కాయలో లక్షల్లో ఉంటాయి. దానిలో తిండి నిల్వ ఉండదు కాబట్టి, అడవిలో ఒక రకం బూజు సాయం దొరికితేనే మొలుస్తుంది. బూజు లేకుండా, చక్కెర కలిపిన మాధ్యమం మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఆ తర్వాతే ఆర్కిడ్లు ఇంత చవకయ్యాయి. అయినా సరే, ల్యాబ్ సీసా నుంచి బయటికొచ్చిన పిల్ల మొక్క పూతకి రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. మనం రెండు నెలలు చూసి పారేసేది అన్నేళ్ల మొక్కని. సరిగా చూసుకుంటే అది పదేళ్లకి పైనే బతుకుతుంది.

మళ్లీ పూయాలంటే చలి కావాలి

మొదటి చలికాలం మొక్క నీరసంగా ఉంది, పూయలేదు. అది సహజం. కానీ బలంగా ఉన్న మొక్కలు కూడా చాలామంది ఇళ్లలో ఆకులు వేస్తూనే ఉంటాయి గాని పూయవు. కారణం వేడి. రోజంతా 28 డిగ్రీలు దాటి ఉంటే ఫలెనాప్సిస్ కాడ వెయ్యదు, ఆకులే వేస్తుంది. పగలు 25 దరిదాపుల్లో, రాత్రి 17 నుంచి 20 మధ్య కొన్ని వారాలు గడిస్తే అప్పుడు కాడ వెయ్యాలన్న సంకేతం అందుతుంది. చలికాలం సాయంత్రాలు మనం కిటికీలు మూసి రగ్గు కప్పుకుంటాం, మొక్కని కూడా లోపలే ఉంచుతాం. దానికి కావాల్సిందే ఆ చల్లటి రాత్రి.

నవంబరు నుంచి జనవరి దాకా హైదరాబాద్ రాత్రులు ఈ పనికి బాగా సరిపోతాయి. ఉష్ణోగ్రత మరీ 15 కిందికి దిగే రాత్రులు మాత్రం లోపల పెట్టండి. ఈ ఏడాది దీపావళి వెళ్లాక నా కుండీని కారిడార్‌లో తూర్పు వైపు గోడ మీదికి మార్చాను. అప్పటికి నాలుగు ఆకులు, తొమ్మిది వేళ్లు. డిసెంబరు రెండో వారంలో కింది నుంచి రెండో ఆకు పక్కన ఒక మొన పొడుచుకొచ్చింది.

వేరా, కాడా? దీనికీ గుర్తులున్నాయి. వేరు కొస గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, కిందికో పక్కకో తిరుగుతుంది. కాడ కొస కాస్త చదునుగా, ఒక పక్కకి మొనదేలి, బొటనవేలు విడిగా ఉన్న ఊలు గ్లవ్స్‌లా కనిపిస్తుంది. పైకి, వెలుతురు వైపుకి వెళ్తుంది. అనుమానంగా ఉంటే వారం ఆగండి, అదే చెబుతుంది.

కాడ కనిపించాక కుండీని తిప్పొద్దు. వెలుతురు వైపుకి అది తన దారి తను చూసుకుంటుంది. మనం తిప్పితే వంకరలు పోతుంది. చోటు మార్చొద్దు, ఎండనివ్వొద్దు, పక్కన అరటిపళ్లు పెట్టొద్దు. కాడ కనిపించినప్పటి నుంచి పువ్వు విచ్చుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు.

సంక్రాంతికి ఇంటికి తీసుకురమ్మని అమ్మ అడిగింది. రైలు కుదుపులకి మొగ్గ నిలబడదేమో అని తీసుకెళ్లలేదు. ఫొటో మాత్రం అక్కకి పంపాను. చాలాసేపటి దాకా జవాబు లేదు. తర్వాత ఒక్క వాక్యం వచ్చింది: "అది ఇంకా ఉందా?"

ఈ వ్యాసం రాసేనాటికి కాడ మీద ఏడు మొగ్గలున్నాయి. మొదటిది రేపో ఎల్లుండో విచ్చుకునేలా ఉంది. ఆ ఏడూ రాలిపోయాక మళ్లీ ఏం చెయ్యాలో ఈసారి నాకు తెలుసు. ముందు కుండీ పైకెత్తి వేళ్లు చూస్తాను.

అన్నట్టు, హాస్టల్ వెనక దొరికిన ఆ మూడు కుండీలు ఇప్పుడు మా కారిడార్‌లోనే ఉన్నాయి. నాచు ముద్దలు తీసేసి, డొక్క ముక్కల్లోకి మార్చాను. ఎవరికైనా కావాలంటే వచ్చి ఒకటి తీసుకెళ్లండి. పువ్వులు లేవు. వేళ్లు మాత్రం బాగున్నాయి.